మైయా (నక్షత్రం)

మైయా (20 టౌరి, హెచ్‌డి 23408) వృషభ రాశిలోని కృత్తికా తారాగుచ్ఛానికి చెందిన ఒక నీలి-తెలుపు మహాతార. దీని దృశ్య ప్రకాశ పరిమాణం 3.87. ఈ కొలమానంలో సంఖ్య పెరిగే కొద్దీ తార మసకగా ఉన్నట్లు లెక్క. గుచ్ఛంలో అల్‌సియోనీ, అట్లాస్, ఎలెక్ట్రాల తరువాత నాలుగవ స్థానం దీనిదే. రసాయనికంగా విలక్షణమైన నక్షత్రాలలో దీనిని పాదరస-మాంగనీసు తరగతిలో చేర్చారు. ఒక చర నక్షత్రాల తరగతికి 1955లో ఈ తార పేరే పెట్టారు. అయితే ఆ తరగతికి కావలసిన లక్షణం అసలు ఈ తారకే లేదని తరువాత తేలింది.

పేరు

తెలుగు పల్లెల్లో కృత్తికలను పిల్లలకోడి అంటారు. ఒకచోట గుమిగూడిన చిన్న చుక్కలు కోడి చుట్టూ చేరిన పిల్లల వలె కనిపించడమే దీనికి కారణం. పురాణాలలో కృత్తికలు ఆరుగురు, కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు. గ్రీకు పురాణాలలో వీరు అట్లాస్ కుమార్తెలైన ఏడుగురు అక్కచెల్లెళ్ళు. వారిలో మైయా హెర్మెస్‌కు తల్లి. హెర్మెస్‌నే రోమనులు మెర్క్యురీ అన్నారు. ఇంగ్లీషులో బుధ గ్రహానికీ పాదరసానికీ ఆ పేరే ఉన్నది. ఈ తార పాదరసం పేరుగల తరగతిలో చేరడం మాత్రం కేవలం కాకతాళీయం.

ఆకాశంలో ఉనికి

మైయా ఖగోళ మధ్యరేఖకు సుమారు 24 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. గుంటూరు అక్షాంశం 16 డిగ్రీలు దాటి ఉండడం వలన, గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాల నుండి చూసేవారికి ఇది నడినెత్తికి కేవలం ఎనిమిది డిగ్రీల ఉత్తరంగా సాగిపోతుంది. పత్తి తీతలు జరిగే నవంబరులో పొద్దు గూకిన తరువాత తూర్పున పైకి వస్తుంది. జనవరి చివరి వారాలలో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో నడినెత్తికి చేరుతుంది. మిరప కల్లాల వద్ద కాపలా పడుకునే మార్చి నెలలో పడమటికి వాలి, రాత్రి పదకొండు గంటలకు కాస్త అటూఇటూగా అస్తమిస్తుంది. పట్టణ దీపాల వెలుగులో మైయాను విడిగా గుర్తించడం కష్టం. ఊరి బయట చీకటి పొలాలలో అలవాటు పడిన కంటికి ఆరు తారలు విడివిడిగా కనిపిస్తాయి, వాటిలో ఇది ఒకటి. మామూలు బైనాక్యులర్ ఉంటే ఏ సందేహమూ ఉండదు.

రైతులు లెక్కించే కృత్తిక కార్తె (సుమారు మే 11 నుండి 24 వరకు) వచ్చినప్పుడు మాత్రం కృత్తికలను చూడడం సాధ్యం కాదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే కాలం. మే మూడవ వారంలో సూర్యుడు ఈ గుచ్ఛానికి నాలుగు డిగ్రీల దూరంలోనే ఉంటాడు కనుక, ఆ రోజులలో మైయా పగటి వెలుగులో మునిగిపోయి ఉంటుంది.

భౌతిక లక్షణాలు

మైయా వర్ణపట తరగతి బి8 III. ఇందులోని మూడవ అంకె మహాతారలకు గుర్తు. ఉపరితల ఉష్ణోగ్రత 12,000 కెల్విన్ డిగ్రీలు దాటి ఉంటుంది. సూర్యునిది సుమారు 5,770 మాత్రమే. ద్రవ్యరాశి సూర్యునికి నాలుగు రెట్లకు పైగా, వ్యాసం ఐదారు రెట్లు, వెదజల్లే శక్తి అనేక వందల రెట్లు ఉంటాయి. ఇంత కాంతి గల తార మసక చుక్కగా కనిపించడానికి కారణం దూరమే. ఈ దూరం కూడా కొంతకాలం వివాదాస్పదమైనది. హిప్పార్కస్ ఉపగ్రహం 1997లో వెలువరించిన కొలతల ప్రకారం కృత్తికలు 385 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఇతర పద్ధతుల లెక్క దీనికి పొసగలేదు. 2014లో రేడియో దూరదర్శినుల కొలతలు, ఆపైన గైయా ఉపగ్రహ కొలతలు దూరాన్ని సుమారు 440 కాంతి సంవత్సరాలుగా నిర్ధారించాయి.

గుచ్ఛం వయసు పది కోట్ల సంవత్సరాలకు కొంచెం పైన ఉంటుంది. సూర్యుని వయసు 460 కోట్ల సంవత్సరాలు. అయినా మైయా అప్పుడే మహాతార దశకు చేరింది. బరువైన తారలు తమ ఇంధనాన్ని వేగంగా ఖర్చు చేస్తాయి.

రసాయనిక విలక్షణత

పాదరస-మాంగనీసు తారల వర్ణపటంలో మాంగనీసు, పాదరసం వంటి మూలకాల రేఖలు బలంగా, హీలియం రేఖలు బలహీనంగా ఉంటాయి. కొన్నింటిలో పాదరసం సూర్యునిలో కంటే లక్ష రెట్ల వరకు ఎక్కువగా కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ తార పాదరసంతో నిండి ఉన్నదని అర్థం కాదు. ఈ తేడా పలుచని పై పొరకే పరిమితం.

దీనికి 1970లో జార్జ్ మిషో ప్రతిపాదించిన వివరణ నేడు ఆమోదం పొందినది. తార లోపలి నుండి వచ్చే కాంతి కొన్ని మూలకాల పరమాణువులను పైకి నెడుతుంది. అదే సమయంలో గురుత్వాకర్షణ మిగిలిన వాటిని క్రిందికి లాగుతుంది. కల్లంలో ధాన్యాన్ని తూర్పార పట్టినట్లు మూలకాలు వేరుపడతాయి. అయితే ఇక్కడ విభజన బరువును బట్టి కాక, ఏ పరమాణువు ఎంత కాంతిని గ్రహిస్తుందనే దానిని బట్టి జరుగుతుంది. అందువలననే బరువైన పాదరసం పైకి తేలుతుంది, తేలికైన హీలియం దిగిపోతుంది.

ఈ ప్రక్రియకు ప్రశాంతమైన వాతావరణం కావాలి. వేగంగా తిరిగే తారలో పదార్థం కలిసిపోయి విభజన నిలవదు. మైయా పొరుగున ఉన్న ప్లియోనీ సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మైయా వేగం అందులో పదవ వంతు మాత్రమే. ఒకే మేఘం నుండి, ఇంచుమించు ఒకే కాలంలో పుట్టిన తారలలో ఇది వేరుగా ఉండడానికి ఈ నిదానమే ప్రధాన కారణం.

మైయా చర తారలు

ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో కొందరు పరిశీలకులు మైయా వేగంలో కొద్ది గంటల వ్యవధి గల మార్పులు ఉన్నాయని భావించారు. దీని ఆధారంగా ఒట్టో స్ట్రూవే 1955లో, కొద్ది గంటలలో స్పందించే నీలి తారల తరగతి ఒకటి ఉండవచ్చునని, మైయా దానికి నమూనా అని సూచించాడు. మరింత జాగ్రత్తగా పరిశీలించిన తరువాత ఆయనే ఆ అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు. కానీ ఒకసారి పుస్తకాలకు ఎక్కిన పేరు పోలేదు. మైయాలో స్పందనలు లేకున్నా "మైయా తారలు" అనే మాట వాడుకలో మిగిలింది.

ఈ ప్రశ్నను కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని తేల్చింది. దాని సున్నితమైన పరికరానికి కృత్తికల కాంతి ఎక్కువైపోతుంది. టిమ్ వైట్, సహచరులు తార చుట్టూ చెదిరిపడిన కాంతిని మాత్రమే లెక్కించే పద్ధతిని రూపొందించి, 2017లో ఏడు ప్రధాన తారల ఫలితాలను ప్రకటించారు. ఆరు తారలు నెమ్మదిగా స్పందించే బి తరగతి చర తారలని తేలింది. మైయా కాంతి సుమారు పది రోజులకు ఒకసారి స్వల్పంగా మారుతున్నది, కానీ అది స్పందన కాదు. తార ఉపరితలంపై మాంగనీసు దట్టంగా పేరుకున్న పెద్ద మచ్చ ఒకటి ఉన్నది. తార తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటే ఆ మచ్చ ఒకసారి మన వైపు, ఒకసారి అవతలి వైపు ఉంటుంది. ఇటువంటి తారలలో మచ్చలను నిలిపి ఉంచే బలమైన అయస్కాంత క్షేత్రం కనబడదు కనుక, ఈ మచ్చలు ఎలా ఏర్పడతాయనేది ఇంకా చర్చనీయాంశమే. ఉత్తరాభాద్ర నక్షత్రంలోని ఆల్ఫెరాట్జ్ అనే తారపై పాదరసపు మచ్చలు అంతకు ముందే బయటపడ్డాయి.

నీహారిక

మైయా చుట్టూ ఎన్‌జిసి 1432 అనే ప్రతిబింబ నీహారిక ఉన్నది. 1885లో పారిస్ వేధశాలలో పాల్, ప్రాస్పర్ హెన్రీ సోదరులు తీసిన ఛాయాచిత్రంలో ఇది మొదటిసారి కనిపించింది. ఇది స్వయంగా వెలిగే వాయువు కాదు. తార నీలి కాంతిని చెదరగొట్టే ధూళి మాత్రమే. ఈ ధూళి కృత్తికలు పుట్టిన మేఘపు శేషమని మొదట అనుకున్నారు. దాని వేగం, దిశ గుచ్ఛంతో సరిపోలకపోవడం వలన, కృత్తికలు తమ ప్రయాణంలో వేరొక ధూళి మేఘం గుండా పోతున్నాయని ఇప్పుడు భావిస్తున్నారు.