పాత కారు సస్పెన్షన్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? ముందు ఫోన్ తీయండి, స్పానర్ తర్వాత

ఫోన్ బ్యాటరీ అరిగిందో లేదో సెట్టింగ్స్‌లో చూసేస్తాం. కారు సస్పెన్షన్‌కి అలాంటి మెనూ ఏమీ ఉండదు. అది చప్పుళ్లతోనే చెప్తుంది. మా ఇంట్లో ఉన్న 2010 మోడల్ హ్యాచ్‌బ్యాక్ 1,10,000 కిలోమీటర్లు దాటాక రెండు రకాలుగా చెప్పింది: గతుకుల మీద టకటక, బ్రేక్ వేస్తే ముందు ఎడమ వైపు ధడ్‌మని ఒక దెబ్బ. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చేయాలన్నారు. అంచనా 16,000 రూపాయలు. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ కారులో అమ్మానాన్న నల్గొండ నుంచి మిర్యాలగూడకి తరచూ వెళ్లొస్తుంటారు. డబ్బు సంగతి పక్కన పెడితే, తప్పు పార్ట్ మార్చి అసలు సమస్యని అలాగే వదిలేస్తే అదే పెద్ద ప్రమాదం. అందుకే నేను ముందు చేసింది రిపేర్ కాదు, వెతుకులాట.

ఏ పార్ట్ పని ఏంటి?

ఆల్టో, స్విఫ్ట్, ఐ10 లాంటి కార్లలో ముందు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్. 1950 నాటి ఫోర్డ్ కాన్సుల్, జెఫైర్ కార్లతో బాగా పాపులర్ అయిన డిజైన్ ఇది. ఇందులో స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే సెట్‌గా ఉంటాయి. బరువు మోసేది స్ప్రింగ్. అది ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దానికి చక్రం వైపు బాల్ జాయింట్, బాడీ వైపు రబ్బరు బుష్‌లు ఉంటాయి. మలుపుల్లో కారు మరీ ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ని స్ట్రట్‌కి గానీ ఆర్మ్‌కి గానీ కలిపేది లింక్ రాడ్.

ఫోన్‌తో టెస్టింగ్

కారు ఒక మూలని గట్టిగా కిందికి నొక్కి వదలండి. పక్క నుంచి ఫ్రెండ్‌తో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో వీడియో తీయించండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే షాక్ అబ్జార్బర్ పూర్తిగా చచ్చిపోలేదని అర్థం. ఇంకా ఊగుతుంటే అనుమానించాల్సిందే. కొంచెం బలహీనపడిన షాక్ అబ్జార్బర్ ఈ టెస్ట్‌లో దొరకదు. కాబట్టి దాని ఒంటి మీద ఆయిల్ కారిన మరకలు, టైరు మీద అలలు అలలుగా అరుగుదల ఉన్నాయేమో కూడా చూడాలి. మా కారులో ఇవేవీ లేవు.

తర్వాత బండి ఆపి ఉంచి, ఫ్రెండ్ పక్కకి ఊపుతుంటే లింక్ రాడ్ మీద చెయ్యి వేశాను. టక్ టక్‌మని చేతికే తెలిసింది. రెండు వైపులా అంతే. ధడ్‌మనే శబ్దం కోసం ఫోన్ టార్చ్ వేసి లోయర్ ఆర్మ్ చూస్తే, ఎడమ వైపు వెనక బుష్ రబ్బరు చీలిపోయి ఉంది. బ్రేక్ వేసినప్పుడల్లా ఆర్మ్ కదులుతోంది, దెబ్బ అక్కడిదే.

చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడటం కూడా మర్చిపోకండి. వదులు తెలిస్తే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్ మీద అనుమానం. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లాభం ఉండదు. అక్కడ వదులు కనిపిస్తే ఆ బండిని ఇక రోడ్డెక్కించొద్దు.

పని మొదలు

ముందురోజు రాత్రే తుప్పు పట్టిన నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. చదునైన గట్టి నేల, హ్యాండ్ బ్రేక్, ఫస్ట్ గేర్, వెనక చక్రాలకి చెక్క దిమ్మలు. వీల్ నట్లు బండి లేపకముందే కాస్త వదులు చేయాలి. జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి జాక్ స్టాండ్లే కావాలి. ఇటుకలు, హాలో బ్రిక్స్ పెట్టడం ప్రాణాలతో ఆట, చెప్పకుండా పగిలిపోతాయి. విప్పిన చక్రాన్ని బాడీ కిందికి తోసి పెడితే అదనపు ధైర్యం.

ప్రతి నట్ విప్పేముందు ఒక ఫోటో తీయండి. బిగించేటప్పుడు అదే మీ మాన్యువల్. లింక్ రాడ్‌కి ముందు చక్రాలు రెండూ గాల్లో ఉంటే మంచిది, బార్ మీద ఒత్తిడి ఉండదు. నట్‌తో పాటు బోల్టు కూడా తిరుగుతుంటే, దాని మధ్యలో అలెన్ కీ పెట్టి ఆపి రింగ్ స్పానర్‌తో తిప్పాలి. పాత బుష్‌ని ప్రెస్ చేసి తీసే యంత్రం ఇంట్లో ఉండదు కాబట్టి, బాల్ జాయింట్, బుష్‌లతో కలిపి లోయర్ ఆర్మ్ మొత్తం కొత్తది వేశాను.

తొందరలో చాలామంది వదిలేసే స్టెప్ ఒకటుంది. చక్రం వేలాడుతుండగా బుష్ బోల్టులు ఫుల్ టైట్ చేయకూడదు. బుష్ లోపలి రబ్బరు బిగించిన పొజిషన్‌లోనే పట్టుకుపోతుంది. బండి నేల మీదికి దిగాక అది ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అందుకే ముందు చేత్తో బిగించి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకి బిగించాలి. దీనికి ఏ యాప్ పనికిరాదు, టార్క్ రెంచ్ కొనండి.

ఎక్కడ ఆగాలి?

స్ట్రట్ పైనున్న మధ్య నట్ జోలికి ఇంట్లో వెళ్లొద్దు. దాని కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. కంప్రెసర్ లేకుండా విప్పితే మనిషిని చంపేంత బలంతో ఎగురుతుంది. షాక్ అబ్జార్బర్ మార్చాల్సి వస్తే స్ట్రట్‌ని మొత్తంగా విప్పి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. లోయర్ ఆర్మ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ కూడా తప్పనిసరి.

నాకు రెండు లింక్ రాడ్లు, ఒక లోయర్ ఆర్మ్, అలైన్‌మెంట్ కలిపి 4,300 రూపాయలైంది. జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్‌కి మరో 4,500 పెట్టాను, అవి ఇంకా చాలా ఏళ్లు పనికొస్తాయి. రెండు చప్పుళ్లూ పోయాయి. షాక్ అబ్జార్బర్లు పాతవే, ఇంకా బాగానే ఉన్నాయి.

చదునైన చోటు, జాక్ స్టాండ్లు, ఒక రోజు టైమ్ ఉంటే లింక్ రాడ్లతో మొదలుపెట్టండి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా టెస్టింగ్ మాత్రం మీరే చేసి, వీడియోతో సహా మెకానిక్‌కి చూపించండి. ఏం మార్చాలో తెలిసి వెళ్లినవాళ్లకి బిల్లు వేరేలా వస్తుంది. మీరే చేసుంటే మాత్రం, 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఇంకోసారి చెక్ చేయండి.