మీకు తెలుసా? కంటిలోని పీడనమును కొలుచు తెఱఁగులు

కంటి వైద్యశాలలలో, గడ్డము నానించి కూర్చున్నవారి కంటిని తాకకయే, చిన్న గాలివిసురుతో పీడనమును లెక్కించు యంత్రము 1970వ దశకమున వాడుకకు వచ్చినది; 1905లో నార్వే వైద్యుడు షియొట్జ్ నిర్మించిన పరికరమన్ననో, పరుండిన రోగి కంటికి మత్తుచుక్కలు వేసి, దానిపై బరువు నిలిపి, అది యెంత లోనికి దిగునో చూచెడిది. ఈ రెండింటి నడుమ, 1950వ దశకమున, స్విట్జర్లాండు వైద్యుడు గోల్డ్‌మన్ రూపొందించినదియే నేటికిని ప్రమాణము: కార్నియాపై 3.06 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయము చదునగుటకు కావలసిన బలమును అది కొలుచును. అయితే కార్నియా పలుచనైనచో పీడనము వాస్తవముకంటె తక్కువగాను, దళసరియైనచో ఎక్కువగాను కనబడును. ఆరోగ్యవంతులలో సాధారణముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసమువఱకు నుండు నీ సంఖ్యనొక్కదానినే నమ్మి నిశ్చింతగా నుండుట ఎంత ప్రమాదమో, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ 1990వ దశకపు చివర జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనము చూపినది: నగరవాసులలో వివృతకోణపు నీటికాసుల (గ్లాకోమా) వ్యాధియున్నవారిని పరీక్షింపగా, మూడింట రెండువంతులమందికి పీడనము 22 లోపుననే యుండెను! వారి వ్యాధిని పట్టియిచ్చినవి దృష్టినాడి శిరస్సునకును, చూపు పరిధికిని జరిపిన పరీక్షలు.