కోతకు ముందే కణితి పటం

ద్రాక్షారామంలో ఎవరికైనా ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే, సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాకినాడ పెద్దాసుపత్రికి పరుగు తీయాల్సిందే. అక్కడ ఇంటివాళ్లు అడిగే మాట ఒకటుంది: ‘సీటీ తీయించాం కదండీ, మళ్లీ ఎమ్మారై ఎందుకు?’

అడగాల్సిన ప్రశ్నే. ఎముక విరగడాన్నీ, తాజా రక్తస్రావాన్నీ సీటీ నిమిషాల్లో పట్టేస్తుంది. మెత్తటి మెదడులో ఏది మామూలు కణజాలమో, ఏది వాపో, ఏది కణితో విడదీసి చూపడంలో మాత్రం ఎమ్మారైదే పైచేయి. ఇందులో ఎక్స్‌రేలు ఉండవు. 1.5 టెస్లా అయస్కాంతం, అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు, ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను ఒక వరసకు తెస్తుంది. రేడియో తరంగాలు వాటిని కదిపితే, అవి తిరిగి సర్దుకుంటూ పంపే సంకేతాలే బొమ్మ అవుతాయి. అందుకే మెట్టెలు, పిన్నీసులు బయటే తీసేయాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పి తీరాలి.

ఒకే తలకు రకరకాల బొమ్మలు తీస్తారు. టీ2 బొమ్మలో నీరు తెల్లగా మెరుస్తుంది. మెదడు గదుల్లోని ద్రవమూ తెలుపే, దాన్ని ఆనుకున్న వాపూ తెలుపే కావడంతో చిక్కొచ్చి పడుతుంది. ఫ్లెయిర్ బొమ్మలో ఆ ద్రవాన్ని నల్లబరుస్తారు, వాపు తెల్లగా మిగిలిపోతుంది. గడోలినియం మందు ఎక్కిస్తే, రక్తనాళాల కట్టుబాటు తప్పిన చోట వెలుగు కనిపిస్తుంది. ఉంగరంలా వెలిగిందల్లా క్యాన్సరని బెంబేలెత్తిపోనక్కర్లేదు. మన దేశంలో అది క్షయ గడ్డో, బద్దెపురుగు తిత్తో కావచ్చు. ఉంగరం మధ్య పురుగు తల చుక్కలా కనిపిస్తే చాలాసార్లు కత్తితో పని ఉండదు, మందులే సరిపోతాయి.

కోయక తప్పనప్పుడు ఎటునుంచి వెళ్లాలన్నదే సర్జన్ బెంగ. దగ్గరి దారి మాట కేంద్రం మీదుగా పోతే అది దారే కాదు. వేళ్లు ఆడించమంటూ, పేర్లు తలుచుకోమంటూ తీసే ఫంక్షనల్ ఎమ్మారై కదలికనూ, మాటనూ నడిపే చోట్లను గుర్తిస్తుంది. ట్రాక్టోగ్రఫీ నరాల పోగులు ఎటు సాగాయో గీసి చూపిస్తుంది. అయినా పుర్రె తెరిచి ద్రవం జారిపోయాక మెదడు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి సెంటీమీటరు దాకా కుంగుతుంది. పొద్దున్నటి పటం అప్పటికి పాతబడినట్టే.

అలాంటప్పుడు రోగినే మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, చేయి కదిలించమంటూ కోసే పద్ధతి ఉంది. 2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు ఒక మహిళకు ఎడమవైపున్న 3.3 × 2.7 సెంటీమీటర్ల కణితిని ఇలాగే తొలగించారు. ఆమె ‘అదుర్స్’ సినిమా చూస్తూ ఉండటంతో వార్తల్లో దానికే పెద్దపీట పడింది. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు, అందుకే తలచర్మానికి మత్తిచ్చి ఇలా కోయగలుగుతారు.

కణితి తీశాక రెండు మూడు రోజుల్లోపే మళ్లీ ఎమ్మారై తీయడం మంచిది. ఆలస్యమైతే కోసిన చోటి గాయం కూడా మందు పీల్చుకుని వెలుగుతుంది, మిగిలిన కణితేదో తేల్చడం కష్టమవుతుంది.