హాట్ రాడ్ బండి కుదుపు

అమెరికాలోని కాలిఫోర్నియా యెడారిలో ఎండిపోయిన సరస్సులు కొన్ని గలవు. వాని యడుగునేల గట్టిపడి, బల్లపరుపుగా మైళ్లకొలది వ్యాపించి యుండును. 1930 తరువాతి యేండ్లలో అచ్చటి యువకులు పాత ఫోర్డు కార్లను చవుకగా కొని, మడ్‌గార్డులు, పైకప్పు మొదలుగా అక్కఱలేని ప్రతి వస్తువును ఊడదీసి, ఇంజను బలమును హెచ్చించి, మురాక్ అను సరస్సు నేలపై ఎవరి బండికి వడి యెక్కువయో చూచుకొనుచుండిరి. ఈ పరుగులను క్రమపఱచుటకై 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘ మేర్పడెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇట్టి బండ్లకు హాట్ రాడ్ అను పేరు స్థిరపడినది. నేటికిని ఆ దేశమున అనేకులు పూర్వపు ఫోర్డుల రూపమున ఇట్టి బండ్లను తమ యింటి షెడ్లలో స్వయముగా కట్టుకొనుచున్నారు.

సరస్సునేలపై గోతులు లేవు. కావున అచ్చట పుట్టిన బండి నేల కంటుకొనునంత పొట్టిగను, బిఱుసుగను ఉన్నను బాధ లేకుండెను. అది ఊరిబాటకు వచ్చినతోడనే బాధ మొదలైనది. కాంక్రీటు బాటలోని ప్రతి యతుకును ఎక్కినవాని వెన్నెముకకు తెలియును. మలుపులో చిన్న గతుకు తగిలినను బండి వెనుకభాగము ప్రక్కకు ఎగిరిపడును. "బిఱుసుగా నున్నగాని బండి బాటను పట్టదు, సుఖము కావలసినవాడు వేఱొక కారు కొనుక్కొనవలెను" అని కట్టువారిలో కొందఱు సమాధానము చెప్పుదురు. ఈ మాట తప్పని చూపుటయే మా యుద్దేశము. చక్రము నేలను విడిచిన క్షణమున దానిని త్రిప్పియు ఫలము లేదు, బ్రేకు వేసియు ఫలము లేదు. నేలను అంటిపెట్టుకొని గతుకులను తానే మ్రింగు చక్రము మలుపులోను మాట వినును, కూర్చున్నవానిని కుదుపకయు నుండును. సుఖమునకును క్షేమమునకును ఇచ్చట వైరము లేదు.

బిఱుసును కొలుచుట కష్టము కాదు. లోలకమునుగూర్చి చదివిన విద్యార్థి దీనిని దారముతోను చిన్న ఱాతితోను గ్రహింపగలడు. బండి బరువును మోయుచు స్ప్రింగు ఎంత క్రుంగునో అంత పొడవుగల దారమునకు ఱాయి కట్టి ఊపినచో, ఆ ఱాయి నిమిషమునకు ఎన్నిమారులు ఊగునో బండియు సుమారుగా అన్నిమారులే పైకిని క్రిందికిని ఊగును. 10 అంగుళముల దారము నిమిషమునకు 60 మారులు ఊగును. 4 అంగుళములది 94 మారులు. 2 అంగుళములది 133 మారులు. మనుష్యశరీరమునకు నిమిషమునకు 60 మొదలు 90 వఱకు గల ఊపు హితముగా నుండును. 130 అయినచో అది ఊపు కాదు, అదురు. హాట్ రాడ్ కట్టువాడు అందముకొఱకు బండిని క్రిందికి దించి, చక్రము పైకి కదలుటకున్న చోటును ఒకటి రెండంగుళములకు తగ్గించును. పిమ్మట ఇరుసు చట్రమునకు తగులుచున్నదని స్ప్రింగును బిఱుసు చేయును. రోగమంతయు ఇచ్చటనే యున్నది. కొనలకంటె నడుమభాగము నాలుగంగుళములు క్రిందికి వంచిన ఇరుసులు దొరకును. వానిని వాడినచో స్ప్రింగు కదలికను చంపకయే బండి దిగును. వెనుక ఇరుసునకు పైగా చట్రమును కోసి, ఆ చోటును మరల ఉక్కుతో బలపఱచుటయు మంచి పద్ధతియే.

ఫోర్డు కంపెనీవారు 1908లో వెలువడిన టీ మోడలు మొదలు 1948 వఱకు తమ కార్లకు ముందొకటి, వెనుకొకటి అడ్డముగా బిగించిన కమానుకట్టలనే వాడిరి. 1949 మోడలుతో ఆ పద్ధతిని విడిచిరి. జట్కాబండి కమానును చూచినవారికి దీని స్వభావము కొంత తెలిసియే యుండును. ఒకదానిపై నొకటి పేర్చిన ఉక్కుబద్దలు వంగునపుడు పరస్పరము రాచుకొనును. త్రుప్పు పట్టినచో రాచుకొనుట కూడ మాని, ఒకే దిమ్మవలె పట్టుకొనిపోవును. అప్పుడు చిన్న గతుకులకు కమాను కదలనే కదలదు. పని యంతయు టైరు మీద పడును. కావున క్రొత్త సామాను కొనుటకు ముందు పాతకట్టను విప్పి చూడవలెను. ఇది అపాయకరమైన పని. నడిమి బోల్టు తీయుటకు ముందు కట్టను గట్టి సీ క్లాంపులతో పట్టియుంచి, పిమ్మట కొంచెము కొంచెముగా వదలవలెను. లేనిచో బద్దలు ఒక్కమారుగా విచ్చుకొని ముఖమును పగులగొట్టును. త్రుప్పు గోకి, బద్దల కొనలయందలి మొనలను గుండ్రముగా అరగదీసి, బద్దలకు నడుమ నున్నని ప్లాస్టిక్ పట్టీలు వేసి మరల బిగించినచో, ఎక్కువ ఖర్చు లేకయే బండి నడక మాఱిపోవును. మడ్‌గార్డులును కప్పును తీసివేసిన బండికి పూర్వపు బద్దలన్నియు అక్కఱ లేకపోవచ్చును. ఒక్కొక్క బద్దనే తీసి నడపి చూడవలెను. కమాను కొనలను పట్టియుండు షాకిళ్లు, బండి బరువు పడినపుడు, సుమారు 45 డిగ్రీల వాలున నిలువవలెను. అవి అడ్డముగా సాగిపోయినచో కమానునకు నిడివి పెరుగుటకు తావు లేక బిగిసిపోవును.

కమాను మెత్తనైనచో ఊపు ఆగుట యెట్లని చదువరులు అడుగవచ్చును. ఆపుట షాక్ అబ్జార్బరు పని. అది నూనెను సన్నని రంధ్రములగుండ త్రోసి, ఊపులోని శక్తిని వేడిమిగా మార్చును. బద్దల రాపిడియు ఊపును ఆపును గాని, మొదట పట్టుకొని పిమ్మట హఠాత్తుగా జారును. నూనె యట్లు చేయదు, కదలిక వేగమును బట్టి ఎదిరించును. ఇచ్చట కట్టువారు తఱచుగా చేయు పొరపాటొకటి కలదు. షాక్ అబ్జార్బరు కంటికి కనబడరాదని దానిని బాగుగ వాల్చి చట్రము క్రింద దాచుదురు. నిలువునుండి 30 డిగ్రీలు వాల్చినచో దాని ప్రభావము ముప్పాతికకు తగ్గును. 45 డిగ్రీలకు సగమే మిగులును. పిమ్మట "ఈ షాకులు పనికిరావు" అని అమ్మినవానిని నిందించుట న్యాయము కాదు.

స్టీరింగు విషయమున మఱింత శ్రద్ధ కావలెను, ఏలయన ఇచ్చటి తప్పు ప్రాణముమీదికి తెచ్చును. పూర్వపు ఫోర్డులో ముందు ఇరుసును విష్‌బోన్ అను రెండు కాళ్ల కడ్డీ పట్టియుండును. ఆ కాళ్లు రెండును వెనుకకు వచ్చి ఒకే గుండుకీలున కలిసికొనును. పెద్ద ఇంజను పెట్టుటకై దీనిని రెండుగా చీల్చి, కాళ్లను చట్రమునకు చెఱియొక ప్రక్క తగిలించుట వాడుకయైనది. అట్లు చేసినపుడు ఒక చక్రము పైకి లేచిన ఇరుసు మెలిపడవలసి వచ్చును. పూర్వపు ఐ ఆకారపు ఇరుసు కొంత మెలికను సహించును. గొట్టపు ఇరుసు సహింపదు, కాళ్ల అతుకులు పగులును. గొట్టపు ఇరుసే కావలెనన్నచో ప్రక్కకు రెండేసి సమాంతరమైన కడ్డీలు వేయుట ఉత్తమము.

ఇంకొకటి. అడ్డకమాను షాకిళ్లమీద వ్రేలాడుచుండుటచే ఇరుసు కుడియెడమలకు జరుగును. స్టీరింగు కడ్డీ బండికి అడ్డముగా పోవునట్లు అమర్చినచో, ఇరుసు జరిగినప్పుడెల్ల చక్రములు తమంతట తాము తిరుగును. నడపువాడు త్రాగినవానివలె బాటపై తూలును. దీనికి పాన్‌హార్డ్ కడ్డీ మందు. అది ఒక కొన చట్రమునకును, ఒక కొన ఇరుసునకును బిగించు అడ్డకడ్డీ. స్టీరింగు పెట్టె యున్న ప్రక్కనే దానిని చట్రమునకు తగిలించి, స్టీరింగు కడ్డీకి సమాంతరముగను, సాధ్యమైనంత వఱకు అంతే పొడవుగను ఉంచవలెను. అప్పుడు గతుకులో రెండు కడ్డీలును ఒకే వంపున కదలును. బండి వెనుకభాగమును ఎత్తి ముందును దించినచో కాస్టరు, అనగా ఇరుసు వెనుకకు వాలిన కోణము, తగ్గిపోవునని మఱువరాదు. అడ్డ స్టీరింగు గల హాట్ రాడ్‌కు 5 మొదలు 7 డిగ్రీల వఱకు కాస్టరు ఉంచుదురు. అది తగ్గినచో వేగమున బండి తిన్నగా పోదు.

ముందు వెనుకల సామ్యమును మొదట శాస్త్రీయముగా పరీక్షించినవారిలో మారిస్ ఆలీ ముఖ్యుడు. ఈయన ఆంగ్లేయ ఇంజనీరు. 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరెను. ఒక కారునకు రెండు కొనలయందును బరువులు తగిలించి, వానిని ఇటు నటు మార్చి నడపి చూచి, వెనుకటికంటె ముందు స్ప్రింగులు మెత్తనగా నున్నపుడు బండి తొట్టెలవలె ముందు వెనుకలకు ఊగకుండునని కనుగొనెను. కారణము సులభము. గంటకు 30 మైళ్ల వేగమున పోవు బండిలో ముందు చక్రమునకు తగిలిన గతుకు వెనుక చక్రమునకు సెకనులో అయిదవవంతు ఆలస్యముగా తగులును. వెనుకభాగము కొంచెము త్వరగా ఊగినచో ముందుభాగమును కలిసికొని, రెండును ఒక్కటిగా లేచి దిగును. హాట్ రాడ్ కట్టువారిలో పెక్కురు దీనికి విరుద్ధముగా ముందు బిఱుసు, వెనుక మెత్తన చేయుచున్నారు.

టైరు గాలినిగూర్చి ఒక్కమాట చాలును. బరువు తగ్గిన బండికి బరువైన కారునకు పట్టునంత గాలి వలదు. టైరుకు అడ్డముగా సుద్దతో గీత గీసి కొంతదూరము తిన్నగా నడపి చూడవలెను. నడుమ మాత్రము చెఱిగినచో గాలి యెక్కువ; అంచులు మాత్రము చెఱిగినచో తక్కువ.

ఒకమారు ఒక మార్పు మాత్రమే చేసి, అదే బాటమీద అదే వేగమున నడపి, పుస్తకమున వ్రాసికొనవలెను. మూడు మార్పులు కలిపి చేసినవానికి ఏది మేలు చేసెనో తెలియదు. షాక్ అబ్జార్బరు కడ్డీకి సన్నని ప్లాస్టిక్ కట్టు ఒకటి బిగించినచో అది ఎంతవఱకు త్రోయబడెనో చూచి చక్రపు కదలికను కొలువవచ్చును. కట్టు కడవఱకు పోయినచో చోటు చాలలేదన్నమాట. గతుకుల బాట తిరిగి వచ్చినను అంగుళమైనను కదలనిచో కమానును మరల విప్పవలెను.