సరస్సు ఒడ్డున చక్రాల ఇల్లు

జూన్ నెల సగం గడిచేసరికి అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో పాఠశాలలకు వేసవి సెలవులు ప్రారంభమవుతాయి. నాటినుండి ఉత్తర దిశగా సాగే రహదారులపై ఒక విలక్షణమైన వాహనశ్రేణి కనిపిస్తుంది. కొన్ని కార్ల వెనుక చిన్న గదివంటి బండ్లు తగిలించి ఉంటాయి. మరికొన్ని బస్సంత పొడవున్న వాహనాలు. వాటి కిటికీలకు తెరలు, వెనుక సైకిళ్లు, పైకప్పు మీద పడవలు. వంటపాత్రలు, పరుపులు, ఆటవస్తువులు, ఒక్కొక్కప్పుడు పెంపుడు కుక్కతో సహా కుటుంబాలు వాటిలో తరలిపోతుంటాయి. పూర్వం మన పల్లెలలో తిరునాళ్లకు గూడుబండ్లు కట్టుకొని, ఉప్పూపప్పూ వేసుకొని వెళ్లి, గుడి దగ్గరి తోపులో రెండుమూడు రోజులు గడిపి వచ్చిన కుటుంబాలను ఎరిగినవారికి ఈ దృశ్యం మరీ కొత్తగా తోచదు. ఎద్దుల స్థానంలో ఇంజను వచ్చింది. తోపు స్థానంలో సరస్సు ఉన్నది.

ఆ సరస్సులు కూడా సామాన్యమైనవి కావు. సుపీరియర్, మిచిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అనే ఐదు మహాసరస్సులలో నాలుగు ఈ రాష్ట్రాన్ని ఒరుసుకొని ఉన్నాయి. గడ్డకట్టిన మంచును మినహాయిస్తే, భూమి ఉపరితలంపై లభించే మంచినీటిలో ఇంచుమించు ఐదోవంతు ఈ ఐదింటిలోనే నిలిచి ఉన్నది. ఒక్క సుపీరియర్ సరస్సు వైశాల్యమే సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రాన్ని నాలుగు భాగాలు చేస్తే అందులో దాదాపు మూడు భాగాలంత. దాని గరిష్ఠమైన లోతు 406 మీటర్లు. ఒడ్డున నిలిచి చూస్తే ఆవలి తీరం కంటికి ఆనదు. అలలు, ఇసుక, ఓడలు, దీపస్తంభాలు అన్నీ సముద్రపు లక్షణాలే. నోట పోసుకొంటే మాత్రం ఉప్పదనం ఉండదు. మిచిగన్ అనే పేరు కూడా పెద్ద నీరు అనే అర్థం గల ఒజిబ్వే భాషాపదం నుండి వచ్చినదే.

ఈ తీరాలు మొదటినుండీ విహారస్థలాలు కావు. ఒజిబ్వే, ఒడావా, పొటవాటోమీ తెగలవారు శతాబ్దాల తరబడి ఇక్కడ చేపలు పట్టుకొంటూ, మేపుల్ చెట్టు రసంతో చక్కెర వండుకొంటూ జీవించారు. ఈ మూడు తెగలకు ఉమ్మడి పేరు అనిషినాబే. 1836లో కుదిరిన ఒక ఒప్పందం ద్వారా వారి భూములలో విస్తారమైన భాగం అమెరికా ప్రభుత్వపరమైంది. వెనువెంటనే కలప వ్యాపారులు ప్రవేశించారు. ఆకాశాన్నంటే తెల్ల పైన్ వృక్షాలు నేలకూలి, నదులలో తేలిపోయి, నగరాలలో ఇళ్లుగా మారాయి. దుంగలు తరలిపోయిన చోట మిగిలిన కొమ్మారెమ్మా ఎండి, 1871లోను 1881లోను ఘోరమైన కార్చిచ్చులకు ఇంధనమైంది. ఆ శతాబ్దం ముగిసేసరికి ఎన్నో ప్రాంతాలలో మోడులే మిగిలాయి. అప్పుడు గాని మిగిలినదాన్ని కాపాడుకోవాలనే ఆలోచన బలపడలేదు. 1917లో ఆ రాష్ట్ర శాసనసభ ఇంటర్‌లాకెన్ అనే చోట, రెండు సరస్సుల నడుమ గొడ్డలి తగలకుండా మిగిలిన పైన్ తోపును కొని, ప్రజల ఉద్యానవనంగా చేసింది. సరస్సుల నడిమి చోటు అనేదే ఆ పేరుకు అర్థం. 1919లో ఇటువంటి ఉద్యానవనాల కోసం ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది. ఆర్థికమాంద్య కాలంలో, 1933 నుండి 1942 వరకు, ప్రభుత్వం నిరుద్యోగ యువకులను దళాలుగా కూర్చి, వారిచేత కోట్లాది మొక్కలు నాటించింది. దారులు, వసతిగృహాలు కట్టించింది. కనుక ఈనాటి యాత్రికుడు చూచి మురిసిపోయే అడవిలో అధికభాగం ఆదిమారణ్యం కాదు. ఒకసారి పోగొట్టుకొని తిరిగి పెంచుకొన్నది. ఈ సంగతి మరచినవారికి ఉద్యానవనాల నియమాలు అనవసరపు కట్టుబాట్లుగా కనిపిస్తాయి.

కుటుంబాలను ఈ అడవులకు చేర్చినది మోటారుకారు. 1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారును విడుదల చేసిన తరువాత సామాన్యుడికి కూడా దూరప్రయాణం సాధ్యమైంది. ఫోర్డ్ తానే ఇందుకు దారి చూపాడు. శాస్త్రజ్ఞుడు థామస్ ఎడిసన్, టైర్ల తయారీదారు హార్వే ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్‌లతో కలిసి, 1910ల మధ్యకాలం నుండి అతడు వేసవి యాత్రలు చేశాడు. బరోస్ 1921లో మరణించిన తరువాత కూడా మిగిలినవారు 1924 వరకు వాటిని కొనసాగించారు. సంచారులు అని తమకు తామే పేరు పెట్టుకొన్న ఈ కుబేరుల వెంట వంటవారు, పరిచారకులు, వంటసామగ్రి మోసే ప్రత్యేక వాహనం ఉండేవి. దానిని గుడారవాసం అనడం కొంత చమత్కారమే. అయినా పత్రికలలో వారి ఛాయాచిత్రాలు చూచిన జనానికి ఉత్సాహం కలిగింది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 1966లో విన్నెబాగో సంస్థ ఇంటినే వాహనంగా మలచి పెద్దయెత్తున తయారు చేయసాగింది. నేడు మిచిగన్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఇండియానా రాష్ట్రపు ఎల్క్‌హార్ట్ ప్రాంతం ఈ వాహనాల తయారీకి ప్రధాన కేంద్రం. వీటినే అక్కడివారు క్లుప్తంగా ఆర్.వి. అంటారు.

ఆర్.వి. లోపల వంటగట్టు, పడకలు, స్నానాలగది అన్నీ ఉంటాయి. అయితే నిలిచిన ఇంటికీ కదిలే ఇంటికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నిలిచిన ఇంటిలో కుళాయి తిప్పితే నీరు వస్తుంది, ఒలికిన నీరు ఎటో పోతుంది. అది ఎక్కడినుండి వచ్చిందో ఎక్కడికి పోయిందో ఎవరూ విచారించరు. కదిలే ఇంటిలో ఆ రెండూ కాళ్ల కిందనే ఉంటాయి. మంచినీటికి ఒక తొట్టి. గిన్నెలు కడిగిన నీరు, స్నానపు నీరు చేరడానికి మరొకటి. మరుగుదొడ్డి మలినానికి మూడవది. మధ్యరకం బండిలో మంచినీటి తొట్టి 150 లీటర్లు పట్టేదనుకొంటే, నిమిషానికి 8 లీటర్ల చొప్పున పది నిమిషాలు స్నానం చేసిన ఒక్క మనిషే సగానికి పైగా ఖాళీ చేస్తాడు. అందుకే తల్లిదండ్రులు మొదటిరోజే పిల్లలకు నేర్పే పాఠం ఒకటున్నది: ఒళ్లు తడుపుకొని కుళాయి కట్టివేయాలి, సబ్బు రుద్దుకొన్న తరువాతనే మళ్లీ తిప్పాలి. తిరుగు ప్రయాణంలో డంప్ స్టేషన్ అనే చోట ఆగి, గొట్టం తగిలించి తొట్లను ఖాళీ చేస్తారు. అప్పుడు మరుగుదొడ్డి తొట్టినే ముందు విడవాలి. తరువాత విడిచిన సబ్బునీరు ఆ గొట్టాన్ని కొంత శుభ్రపరుస్తుంది. వరుస తప్పిన కుటుంబం ఆ పొరపాటును రెండవసారి చేయదు.

విద్యుత్తు విషయంలోను ఇదే లెక్క. విడిది స్థలంలో ఉండే స్తంభం నుండి సాధారణంగా 30 ఆంపియర్ల విద్యుత్తు లభిస్తుంది. 120 వోల్టుల వద్ద అది 3600 వాట్లు. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్ పొయ్యి, జుట్టు ఆరబెట్టే యంత్రం మూడూ ఒకేసారి నడిపితే ఆ హద్దు దాటి ఇల్లంతా చీకటవుతుంది. బండిని నిలిపిన వెంటనే చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, నాలుగువైపులా మట్టం సరిచూడడం మరొక నియమం. నిద్రలో ఒకవైపు దొర్లిపోకుండా ఉండడానికే కాదు. గ్యాసుమంట వేడితో అమోనియాను ప్రసరింపజేసి చల్లబరిచే రకం ఫ్రిజ్ వాలుగా ఉంటే సరిగా పనిచేయదు.

ఈ ఏర్పాట్లన్నీ ముగిసేసరికి సాయంకాలమవుతుంది. జూన్ మాసంలో మిచిగన్ సరస్సు తూర్పు తీరాన సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో గాని అస్తమించడు. అంతవరకు పిల్లలు ఒడ్డువెంట రాళ్లు ఏరుతూ ఉంటారు. వాటిలో పెటోస్కీ రాయి అందరికీ ప్రీతిపాత్రమైనది. పొడిగా ఉన్నప్పుడు అది మామూలు బూడిదరంగు గులకరాయి. నీటిలో తడిపితే తేనెపట్టు గదులవంటి అందమైన అల్లిక బయటపడుతుంది. సుమారు 35 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ ఉండిన వెచ్చని సముద్రంలోని పగడపు జీవుల శిలాజమది. 1965లో దానిని రాష్ట్ర శిలగా ప్రకటించారు. ఇతర తీరాలలో మితంగా ఏరుకోవచ్చు గాని, జాతీయ తీరోద్యానమైన స్లీపింగ్ బేర్ ప్రాంతంలో మాత్రం ఒక్క రాయిని కూడా తీసుకుపోరాదు.

స్లీపింగ్ బేర్ అంటే నిద్రిస్తున్న ఎలుగుబంటి. అవతలి ఒడ్డున కార్చిచ్చు చెలరేగగా ఒక తల్లి ఎలుగు తన ఇద్దరు పిల్లలతో సరస్సులో ఈదసాగిందని, తల్లి ఒడ్డుచేరి పిల్లలకై ఎదురుచూచిందని, అవి తీరానికి కొద్ది దూరంలోనే మునిగిపోయాయని అనిషినాబేల గాథ. మునిగినచోట రెండు దీవులు లేచాయి. ఎదురుచూస్తూ పడుకొన్న తల్లిని ఇసుక కప్పివేసింది. ఆ ఇసుకమేటలు ఒకచోట సరస్సు నుండి నిటారుగా 137 మీటర్ల ఎత్తు లేచి ఉంటాయి. దిగడం నిమిషాల పని. జారే ఇసుకలో తిరిగి ఎక్కడానికి గంటలు పట్టవచ్చు. హెచ్చరిక పలక చదవకుండా పరుగుదీసిన వారిని సహాయక సిబ్బంది పైకి చేర్చవలసి వస్తూ ఉంటుంది.

డెట్రాయిట్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ విడిదులకు వస్తుంటాయి. పులిహోర, ఆవకాయ వెంట ఉంటే వంట భారం కొంత తగ్గుతుంది. అయితే ఆహారాన్ని బల్లమీద వదలి నిద్రపోకూడదు. ర్యాకూన్ అనే నల్లముసుగు జంతువు మూతలు తెరవడంలో మనిషికి ఏమాత్రం తీసిపోదు. పడవ తెచ్చినవారు దానిని నీటినుండి తీసిన వెంటనే లోపలి నీటిని పూర్తిగా వంపివేయాలని 2019 నుండి ఆ రాష్ట్రంలో చట్టమే ఉన్నది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడిన జీబ్రా ఆలుచిప్పలు ఓడల నీటితో విదేశాలనుండి వచ్చి, విహారపు పడవల వెంట ఎన్నో చిన్న సరస్సులకు పాకడమే ఇందుకు కారణం.

రాత్రి పది గంటలకు సందడి సద్దుమణగాలి. ఆలోపు ప్రతి కుటుంబమూ నెగడు చుట్టూ చేరుతుంది. ఇనుప వలయంలో కట్టెలు పేర్చి నిప్పు రాజేసి కబుర్లు చెప్పుకోవడమే ఈ యాత్రలకు ప్రాణం. విచిత్రమేమంటే, ఈ అడవులకు ఇటీవలి కాలంలో కలిగిన పెద్ద కీడుకు ఆ కట్టెలే వాహకాలయ్యాయి.

2002లో డెట్రాయిట్ సమీపాన యాష్ చెట్లు అకారణంగా ఎండిపోవడం చూచి పరిశీలించగా, ఆకుపచ్చగా మెరిసే ఒక చిన్న పెంకుపురుగు బయటపడింది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఈ పురుగు ఈశాన్య ఆసియాకు చెందినది. సరకుల పెట్టెల చెక్కలో దాగి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఎదిగిన పురుగు ఆకులను కొద్దిగా కొరుకుతుంది, అంతే. హాని చేసేది దాని డింభకం. అది బెరడు కింద వంకరటింకర సొరంగాలు తొలిచి, చెట్టులో ఆహారం ప్రవహించే మార్గాలను తెంచివేస్తుంది. కొద్ది సంవత్సరాలలో చెట్టు చస్తుంది. ఇప్పటివరకు కోట్లాది యాష్ చెట్లు ఈ విధంగా నశించాయి.

ఈ పురుగు తనంతట తాను ఏడాదిలో ఎగరగలిగే దూరం కొద్ది కిలోమీటర్లే. కాని పెరటిలో ఎండిన చెట్టును కొట్టి, వృథాపోనీయడం ఎందుకని ముక్కలు చేసి బండిలో వేసుకొన్న గృహస్థుడు ఒక్కరోజులో దానిని వందల కిలోమీటర్లు మోసుకుపోతాడు. కొట్టిన కట్టెలో కూడా డింభకం బ్రతికే ఉంటుంది. వేసవిలో రెక్కలు తొడిగి బయటికి వస్తుంది. ఆ గృహస్థునిది దురుద్దేశం కాదు, పొదుపు. 2005లో మిచిగన్ ఉత్తర ద్వీపకల్పంలో ఈ పురుగు మొదటిసారి కనిపించిన చోటు సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న బ్రిమ్లీ ఉద్యానవనం. డెట్రాయిట్‌కు అది 500 కిలోమీటర్లకు పైగా దూరం. నడుమ ఒక జలసంధి, దానిపై 8 కిలోమీటర్ల వంతెన. మనుషుల వాహనాలలో తప్ప అది మరో విధంగా అక్కడికి చేరిందని ఊహించడం కష్టం.

అప్పటినుండి వంటచెరకు వెంట తీసుకురావద్దని ప్రతి ఉద్యానవనంలోను చాటుతున్నారు. దగ్గరలో కొట్టినవి గాని, లోపలిదాకా 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో 60 నిమిషాలు ఉంచి శుద్ధిచేసినవి గాని కొని వాడుకోవాలి. పురుగు అప్పటికే అనేక రాష్ట్రాలకు వ్యాపించినందున 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం తన రవాణా నిషేధాన్ని ఎత్తివేసింది. ఇక భారమంతా రాష్ట్రాల నియమాల మీద, యాత్రికుల విచక్షణ మీద పడింది.

యాష్ జాతులలో నల్ల యాష్ అనిషినాబేలకు పూజ్యమైన వృక్షం. వారు పచ్చి దుంగను గొడ్డలి వెనుకభాగంతో ఓపికగా మోదుతారు. మోదగా మోదగా ఏడాదికొక పొర చొప్పున పెరిగిన చెక్క పొడవైన పట్టెలుగా విడివడుతుంది. ఆ పట్టెలతో బుట్టలు అల్లుతారు. తల్లినుండి కూతురికి, తాతనుండి మనుమడికి సంక్రమించిన ఈ విద్యకు ఇప్పుడు చెట్టే కరవవుతున్నది. అందువల్ల వారు శాస్త్రజ్ఞులతో కలిసి యాష్ గింజలను సేకరించి శీతల కేంద్రాలలో భద్రపరుస్తున్నారు. చుట్టూ ఉన్నవన్నీ చచ్చినా ఎక్కడో ఒకటి రెండు చెట్లు పురుగును తట్టుకొని నిలుస్తున్నాయి. పరిశోధకులు వాటిని వెదకి, వాటినుండి కొత్త మొక్కలను పెంచుతున్నారు.