ఘాజీలో ఉన్నవాళ్ళు

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక తెలుగు సినిమా చూస్తాం. మా తొమ్మిదేళ్ళవాడి చెవిన నాలుగు తెలుగు మాటలు పడతాయని మొదలుపెట్టిన అలవాటు. ఈమధ్య వాడికి సముద్రం పిచ్చి పట్టుకుంది. నీమో, మోవానా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. తెలుగులో నీళ్ళ అడుగున నడిచే కథ ఏముందా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఒక్కటే, 2017లో వచ్చిన 'ఘాజీ'.

సంకల్ప్ రెడ్డికి అది మొదటి సినిమా. రానా, కే కే మీనన్, అతుల్ కులకర్ణి నటించారు. హీరో డాన్సుల్లేవు, కథ చాలా భాగం ఒక ఇనుప గొట్టంలోనే. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. పిల్లవాడు మధ్యలో లేచిపోతాడనుకున్నాను. కదిలితే ఒట్టు.

కాకపోతే ఆపి ఆపి ప్రశ్నలు. లోతుకి వెళ్ళేకొద్దీ సబ్‌మెరైన్‌కి అంత కష్టం దేనికి? బీఎస్సీ చదివి ఇన్నేళ్ళయినా ఇదొక్కటీ మర్చిపోలేదు. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరు మీద దాదాపు 30 కిలోల బరువు. వాడి చెయ్యి గళ్ళ కాగితం మీద పెట్టించి చుట్టూ గీశాను. 80 గళ్ళ దాకా వచ్చాయి. అంటే ఆ చిన్న చేతి మీద రెండు టన్నులకి పైనే, మా కారు కంటే ఎక్కువ. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

నీళ్ళలో శబ్దం సెకనుకి 1500 మీటర్ల దాకా పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకి పైన. దాక్కున్న సబ్‌మెరైన్‌లో గరిటె కింద పడినా ప్రమాదమే. అందుకని సిబ్బందంతా గొంతెత్తి జాతీయగీతం పాడే చోట నా సైన్సు బుర్ర ఒప్పుకోలేదు. కళ్ళు మాత్రం తడిశాయి, అదేమిటో!

చివర్లో ఘాజీ మునిగిపోగానే వాడు చప్పట్లు కొట్టాడు. కాసేపాగి, "అమ్మా, ఈ కథ అహ్మద్‌కి చెప్పొచ్చా?" అన్నాడు.

మేముండేది షార్జాలో. మా ఎదురు ఫ్లాట్ వాళ్ళది కరాచీ. వాళ్ళబ్బాయీ మావాడూ (పేరు మార్చి రాశాను) ఒకే స్కూలు బస్సు, ఒకే సైకిలు. "రేపు చెప్తాను, పడుకో" అని లైటు తీసేశాను. నిజానికి నాకేం చెప్పాలో తెలియలేదు.

మర్నాడు దోసెలు పోస్తూ తెలిసినంత చెప్పాను. ఘాజీ నిజంగా ఉండేది. అమెరికా నేవీలో 'డయాబ్లో' అనే పేరుతో ఉండి, 1964లో పాకిస్తాన్ చేతికి వెళ్ళింది. 1971 నవంబరులో కరాచీ నుంచే బయల్దేరి, మన విక్రాంత్ నౌకని వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ దగ్గర ఘాజీ మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మన నేవీ చెబుతుంది. తాము పరిచిన మైనో, లోపలి పేలుడో అని పాకిస్తాన్ మాట. సినిమాలో మన సబ్‌మెరైన్ చేసిన పోరాటం కల్పించినది. లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఇందులో మాత్రం రెండు మాటల్లేవు.

"వంటాయన కూడానా?" అన్నాడు.

వాడికి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలుసు. పెళ్ళికి ముందు విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసిన సంగతి వాడికి చాలాసార్లు చెప్పాను. 91 మీటర్ల పొడవు, 75 మంది సిబ్బంది. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వంగి వెళ్తుంటే మధ్యలో ఒక బుల్లి వంటగది. ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. అంతమందికి అక్కడే వండేవారట. టార్పెడోలు నాకు సరిగ్గా గుర్తులేవు, ఆ పొయ్యి గుర్తుంది.

"వంటాయన కూడా," అన్నాను.

ఆ సాయంత్రం నేనే ఎదురింటికి వెళ్ళి, ఇలా ఒక సినిమా చూశాం, పిల్లలు మాట్లాడుకుంటారేమో అని ముందే చెప్పేశాను. ఆవిడ టీ పెడుతూ విన్నది. ఘాజీ పేరు ఆవిడకి తెలుసు. ఏమీ అనలేదు. టీ వడపోసి కప్పు నా ముందు పెట్టాక అడిగింది:

"సినిమాలో వాళ్ళకి పేర్లున్నాయా, భాభీ?"

"కెప్టెన్‌కి ఉంది," అన్నాను. మిగతావాళ్ళ పేర్లు ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.