మన గ్యాసు, మన రూపాయి, మన పంచాయతీ

జమాఖర్చు వ్రాసికొనని రైతు ఎంత పండించినను అప్పులపాలగునని మన పెద్దలు చెప్పుచుందురు. దేశమునకును ఈ న్యాయమే వర్తించును. అట్టి జమాఖర్చు నొకదానిని ఈ నెల సభ్యుల యెదుట నుంచదలచితిమి. రూపాయి విలువ తగ్గుట, ఇంటికిని చేనికిని కావలసిన ఇంధనము, గ్రామ పరిపాలనము, ఈ మూడును వేరువేరు సంగతులని చాలమంది తలంతురు. మొదటిది ఢిల్లీవారిది, రెండవది చమురు సంస్థలవారిది, మూడవది మాత్రమే మనదని వారి యభిప్రాయము. కాని కోనసీమ రైతునకు ఈ మూడును ఒకే పద్దులోనివి. ఏలయన, గ్యాసు మన కొబ్బరితోటల క్రిందనే యున్నది. దాని వెల డాలర్లలో కట్టబడుచున్నది. దానిపై వచ్చు రాయల్టీలో మన పంచాయతీకి హక్కుగా చేరు వాటా లేదు.

రూపాయి సంగతి

స్వరాజ్యము వచ్చిన 1947లో డాలరునకు మూడున్నర రూపాయలకు లోపుగనే చెల్లెడిది. 1949 సెప్టెంబరులో అది నాలుగు రూపాయల పండ్రెండణాల దరికి వచ్చెను. 1966 జూన్ 6వ తేదీన ఏడున్నర రూపాయ లాయెను. 1991 జూలైలో రెండుమారులు విలువ తగ్గింపగా 25 రూపాయలు దాటెను. 2013 ఆగస్టులో 68 రూపాయలను తాకి, 2022లో 80, 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటినది.

"డాలరుతో మనకేమి పని? అంబాజీపేటలో కాయలమ్మి రూపాయలే తెచ్చుకొనుచున్నాము గదా" యని ఎవరైన నడుగవచ్చును. దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనవలసినదే. దుక్కిదున్ను ట్రాక్టరు, నీరుతోడు ఇంజను, కాయలు మోయు లారీ, అన్నియు ఆ చమురుతోనే నడచును. కొబ్బరిచెట్టుకు ముఖ్యాహారమైన పొటాషు ఇంచుమించు పూర్తిగా దిగుమతి సరకే. 2021, 2022 సంవత్సరములలో ప్రపంచ విపణిలో వెల పెరుగుటయు, రూపాయి తగ్గుటయు కలిసి పొటాషు బస్తా ధర రమారమి రెట్టింపైన సంగతి సభ్యులు మరచియుండరు.

యూరియా ధర మాత్రము మారలేదని కొందరు సంతసింతురు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే చాల ఏండ్లుగ దొరకినది. కాని యూరియాకు ముడిపదార్థము సహజవాయువు. దేశములో దొరకు గ్యాసు చాలక, సగముదాక ఓడలలో తెప్పించుకొనుచున్నాము. ఆ పెరిగిన ఖర్చు బస్తాపైన వ్రాయబడదు. ఖజానా పద్దులో వ్రాయబడును. ఖజానా చాలనపుడు ప్రభుత్వము అప్పు చేయును. ఆ అప్పును తీర్చవలసినవారు మన బిడ్డలే. దుకాణములో మన చేతి కంటని భారము వారి నెత్తిమీద నుండునన్నమాట.

రూపాయి తగ్గుటవలన లాభపడువారును లేకపోలేదు. రొయ్యలు పెంచువారికి ఎగుమతివలన నాలుగు రూపాయలు హెచ్చుగ రావలెను. కాని తల్లిరొయ్యలు విదేశములనుండి రావలయును; చెరువులోని యంత్రములకు విద్యుత్తో, డీజిలో కావలయును. పైగా 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరకుపై సుంకమును నూటికి 50 వరకు పెంచినపుడు ఆ లాభమేమైనదో చెరువుగట్టున నిలిచినవారికే తెలియును. ఒక వర్గమునకు నాలుగునాళ్లు కలుగు లాభమును చూచి, నాణెము బలహీనపడుట మంచిదని తలంచుట పొరపాటు.

ప్రతి పతనమునకును మన పాలకులే కారకులని మేమనము. విదేశ యుద్ధములు, చమురు ధరలు, వానలు పడమి, ఇవియు కారణములే. కాని ఆదాయమునకు మించిన వ్యయము చేయు గృహస్థునకు చిన్న గాలివాన వచ్చినను ఇల్లు కూలును. 1991లో విదేశపు చెల్లింపులకు సొమ్ము చాలక, మన రిజర్వు బ్యాంకువారు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండునకు పంపి తాకట్టు పెట్టవలసి వచ్చెను. ఇల్లాలి మెడలోని గొలుసు తాకట్టునకు పోయినదినము ఏ రైతును మరువడు. దేశమును మరువరాదు.

1959లో రాజాజీగారును, మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగాగారును స్వతంత్ర పార్టీని స్థాపించినపుడు, హద్దులేని లోటు బడ్జెటులు, తీర్చలేని విదేశీ ఋణములు కూడవని హెచ్చరించిరి. రైతుల భూములనన్నింటిని కలిపి ఉమ్మడి సేద్యము చేయవలెనన్న నాగపూరు తీర్మానమును రంగాగారు ఎదిరించిరి. సహకారము స్వచ్ఛందముగ నుండవలెను గాని, రైతుచేతి పొలమును హరించునదిగ నుండరాదని వారి వాదము. నాడు వారిని వెనుకటి కాలపువారని ఎగతాళి చేసినవారు కలరు. పొదుపు, ఆస్తిహక్కు, నిలకడగల నాణెము అను ఆ మూడు మాటలును నేటికిని రైతునకు రక్షణ నిచ్చునవే యని మా విశ్వాసము.

గ్యాసు సంగతి

మన పాశర్లపూడి, తాటిపాక, మోరి ప్రాంతముల పేరులు చమురు సంస్థల పటములలో నెక్కి చాలకాలమైనది. తాటిపాకలో 2001లో ఏటికి 66 వేల టన్నుల శక్తిగల చిన్న చమురుశుద్ధి కర్మాగారము వెలసెను. ఓడలరేవున సముద్రపు గ్యాసును చేర్చు కేంద్రము కలదు. దేశము విదేశముల చేయిచాపకుండుటకు ఈ సంపద యెంత తోడ్పడునో మే మెరుగుదుము. దానిని త్రవ్వవలదని మేమనము; త్రవ్వవలెననియే మా మతము.

అయితే ఒక విచిత్రమును సభ్యులు గమనింపవలెను. మన నేలనుండి వచ్చి, మన దేశములోనే అమ్ముడుపోవు గ్యాసునకును వెల డాలర్లలోనే నిర్ణయింపబడును. 2014లో ఏర్పరచిన పద్ధతి విదేశపు విపణుల ధరల ననుసరించెను. 2023 ఏప్రిల్‌లో దానిని మార్చి, దిగుమతి ముడిచమురు ధరలో పదవవంతుగ గ్యాసు వెల నిర్ణయించి, ప్రభుత్వరంగ సంస్థల పాత క్షేత్రములకు 4 డాలర్ల కనిష్ఠమును, ఆరున్నర డాలర్ల గరిష్ఠమును పెట్టిరి. ఆ ఆరున్నర డాలర్లు, డాలరు 80 రూపాయలున్ననాడు 520 రూపాయలు. డాలరు 90 ఐననాడు 585 రూపాయలు. బావి అదే, గ్యాసు అదే, గొట్టము అదే. అరువదియైదు రూపాయలు ఎక్కువ చెల్లించినది ఎరువుల కర్మాగారము, విద్యుత్కేంద్రము, తుదకు మనము.

యంత్రములకును మూలధనమునకును తాము డాలర్లలోనే చెల్లింపవలెను గావున ఇట్టి వెల న్యాయమే యని త్రవ్వువా రందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. గిట్టుబాటు ధర లేక పంట మానుకొన్న బాధ మనకు తెలియనిది గాదు. 2011 ఖరీఫులో మన కోనసీమ రైతులే పంటవిరామము ప్రకటించి పొలములు బీళ్లుపెట్టిరి గదా! గిట్టుబాటు కోరుట తప్పు కాదు. కాని రూపాయి పడినప్పుడెల్ల గ్యాసునకు రక్షణ కలిగి, ధాన్యమునకు లేకపోవుట న్యాయమా యని మే మడుగుచున్నాము.

ఈ సంపదకు మనము చెల్లించిన మూల్యమును చిన్నది కాదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావిలో మంటలు చెలరేగి 65 దినములు ఆరలేదు. విదేశపు నిపుణులను పిలిపింపవలసి వచ్చెను. రాత్రులు చాలదూరమునుండియు ఆ వెలుగు కనబడెడిది. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున గ్యాసు గొట్టము పగిలి, నిదురలో నున్నవారిని, పొయ్యి వెలిగింపబోయినవారిని మంట చుట్టుముట్టెను. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు మాడి మసియైనవి. దేశమునకు వెలుగు నిచ్చు పల్లె తానే దగ్ధమగుట ఎంత శోచనీయము!

గొట్టములకై భూమి వినియోగమును గ్రహించు చట్టము 1962 నాటిది. ఆ చట్టముచొప్పున భూమి రైతు పేరనే యుండును. కాని గొట్టము పోయిన మేర ఇల్లు కట్టరాదు, చెరువు త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. కలిగిన పంటనష్టము గాక, ఇందులకు ప్రతిఫలము భూమి విలువలో నూటికి పది పాళ్లు. మెట్టనేలలో జొన్న వేయు రైతునకు గొట్టము పూడ్చిన పిదప మరల పంట వచ్చును. కొబ్బరితోటకు చెట్టే పంట. చెట్టు నాటరాదన్న నేల ఎకరములో కొంతయైనను, ఆ కొంత తరతరములకు బంజరే. కోనసీమకును మెట్టకును ఒకే కొలత పెట్టుట అన్యాయము. ఆస్తిహక్కును గౌరవించు ప్రభుత్వము ఈ భేదమును గుర్తింపవలెను.

పంచాయతీ సంగతి

73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చెను. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయముల పట్టికలో ఇంధనము, గ్రామ విద్యుదీకరణము, సంప్రదాయేతర శక్తియు కలవు. కాగితముపై నున్న అధికారము గ్రామమునకు దిగివచ్చుట వేరు. మన రాష్ట్రమున 2018లో పంచాయతీల గడువు ముగియగా ఎన్నికలు 2021 ఫిబ్రవరివరకు జరుగలేదు. నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. వ్యవసాయ సహకార సంఘములకు 2013లో ఎన్నికలు జరిగిన పిమ్మట, గడువు తీరినను చాలకాలము నియమిత సంఘములే నడిపినవి. ఈ దోషము ఒక పార్టీది గాదు, అధికారమున నున్నవారందరిది. సభ్యులెన్నుకొనని పాలకవర్గము సభ్యులకు లెక్క చెప్పదు. ఎవరు నియమించిరో వారికే చెప్పును.

గ్యాసు రాబడి సంగతియు నిట్టిదే. మన నేలపై బావులనుండి తీసిన గ్యాసుమీది రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరును. 2015లో గనులున్న జిల్లాలకై ఖనిజ నిధులను ఏర్పరచిరి; కాని ఆ చట్టము చమురును, సహజవాయువును విడిచిపెట్టినది. బొగ్గుగని యున్న జిల్లాకు చట్టమిచ్చిన నిధి, గ్యాసుబావి యున్న జిల్లాకు లేదు. రూపాయి పడినపుడు రాయల్టీ రూపాయలలో పెరుగును. ఆ పెరుగుదలలో పాశర్లపూడికి గాని, నగరమునకు గాని హక్కుగా వచ్చునది లేదు. సంస్థలు దయదలచి కట్టు బడిగది, వేయు రోడ్డు మంచివే. కాని దానము వేరు, వాటా వేరు. దానము పుచ్చుకొన్నవాడు నమస్కరించును. వాటా గలవాడు లెక్క యడుగును.

ఉచితములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 2024 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము పేదయిండ్లకు ఏటికి మూడు గ్యాసుబండలు ఉచితముగ నిచ్చుట ప్రారంభించెను. పొగలో కన్నులు పోగొట్టుకొన్న ఆడపడుచులకు బండ యెంత మేలు చేసినదో మే మెరుగుదుము, దానిని నిందింపము. కాని దేశము వాడు వంటగ్యాసులో సగమునకు మించి విదేశములనుండి డాలర్లు పోసి కొనునదే. కావున ఉచితమన్నది వెలలేనిది గాదు, వెల వేరొకరు చెల్లించునది. గ్యాసు త్రవ్విన గ్రామమునకు హక్కుగా వాటా నిచ్చి, ఆ సొమ్ముతో ఏమి చేయవలెనో ఆ గ్రామసభనే నిర్ణయింపనిచ్చుట, ఎన్నికలకు ముందు ప్రకటించు వరములకంటె గౌరవప్రదమని మా యభిప్రాయము.

మన కర్తవ్యము

రూపాయిని నిలుపుట మన చేతిలో లేదు. కాని డాలరు పొయ్యిలో మనము వేయు కట్టెను తగ్గించుట మన చేతిలోనే యున్నది. పాడి యున్న ఇంట దినమునకు ఏబది కిలోల పేడ దొరకినచో రెండు ఘనమీటర్ల గోబరుగ్యాసు తొట్టి నడచును. చిన్న కుటుంబమునకు వంట సాగును. మడ్డి చేనికి ఎరువగును. పశువులు తగ్గిన ఇండ్లు రెండు మూడు కలిసి పెట్టుకొనవచ్చును. కొబ్బరి చిప్ప, మట్ట, డొక్క మన పూర్వుల పొయ్యిలో వ్యర్థమైనవి కావు. ఇంటికప్పుపై సూర్యశక్తి పలకలకు 2024లో కేంద్రము ఆరంభించిన పథకము 78 వేల రూపాయలవరకు సాయము చూపినది. అప్పు చేయుటకు ముందు ఇంటి కరెంటు బిల్లుతో సరిచూచుకొనుడు. మట్టిపరీక్ష చేయించి చేనికి కావలసినంతే పొటాషు వేయుట డాలరు పొదుపే గాక చేతిసొమ్ము పొదుపు కూడ.

గ్రామసభలయందు సభ్యులు మూడు కోరికలను తీర్మానము చేసి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మన జిల్లా కార్యాలయమునకు వ్రాతపూర్వకముగ పంపవలెనని కోరుచున్నాము. గొట్టపు మార్గములు ఏ యే సర్వే నంబరులలో నున్నవో పటము పంచాయతీలో తగిలింపవలెను. వాటి తనిఖీ ఫలితములను ఏటేట గ్రామసభలో చదివింపవలెను. తోటభూములకు ప్రత్యేకమైన పరిహారపు కొలత నేర్పరపవలెను. రాయల్టీలో బావి యున్న గ్రామమునకు చట్టబద్ధమైన వాటా నీయవలెను. ఇసుక, కంకరలపై రుసుములో స్థానిక సంస్థలకు వాటా నిచ్చు సంప్రదాయము మన రాష్ట్రమున నున్నదే; గ్యాసునకు నదియే మేలుబంతి.

కాటను దొరగారు 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట ముగించి ఈ సీమకు నీరిచ్చిరి. ఆ నీటిని నిలుపుకొన్నది మాత్రము ఏటేట కాలువ పూడిక తీసిన రైతు చేతులే. సంపద పైనుండి రావచ్చును, క్రిందనుండియు రావచ్చును. దాని లెక్క చూచుకొనువారు లేనిచో నిలువదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడును వచ్చి, ముందుగ మన సంఘపు లెక్కలనే అడుగవలెను. ఇంటి లెక్క అడుగ నేర్చినవాడే రాష్ట్రపు లెక్కయు, దేశపు లెక్కయు అడుగగలడు.